ఎడమ పక్క మంచం

కళ్ళద్దాల షాపు,
గడియారం మలుపు.

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉన్నానని రాస్తావు. ఆ రెండు ముక్కలూ అయిపోయాయనుకుని అసలు సంగతిలోకి వస్తాను. నేను పడవ కొంటున్నాను.

నవ్వడం అయిందా? అయితే మళ్ళీ చదువు. తెడ్లు వేసే పడవ కాదు, తెరచాప పడవ. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, ఇద్దరు కూర్చుని తినడానికి ఒక బల్ల ఉన్నది కావాలి. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఊరి బయట జలాశయంలో నేర్చుకుంటున్నాను. ఎన్నిసార్లు బోల్తా కొట్టానో మాత్రం అడక్కు. నీకు చెబితే ఊరంతా వినపడేలా నవ్వుతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

షాపుని మా అమ్మాయి చూసుకుంటోంది. నాకంటే బాగా చూసుకుంటోంది, అదీ ఓ బాధే. ఇన్నేళ్ళూ నా చూపు ఇరవై అడుగులు దాటలేదక్కా. కుర్చీలో కూర్చున్న మనిషికీ గోడ మీది అక్షరాలకీ మధ్య ఉండే దూరం అంతే. ఒక అద్దం పెట్టి "ఇది బాగుందా?", ఇంకోటి పెట్టి "ఇదా?" అని ఊళ్ళో వాళ్ళందరినీ అడిగాను. దూరం చూడటం అందరికీ అమ్మాను, నేను మాత్రం వాడలేదు. నీ మరదలు పోయాక ఆ వెలితి మరీ తెలుస్తోంది.

మీ రేవులో అమ్మకానికి చాలా పడవలున్నాయని పేపర్లో చూస్తున్నాను. నాకు అద్దం తప్ప ఇంకేదీ పట్టి చూడటం రాదు. నువ్వేమో బుద్ధెరిగినప్పటి నుంచీ తెరచాపలు కుడుతున్నావు. నా తరఫున వెళ్ళి చూడు. గట్టిదా కాదా, అడిగిన ధరకి తగ్గ సరుకా కాదా చెప్పు. ఇంకొక్క సంగతి. ఏ పడవ ఎక్కినా ఎడమ పక్క మంచం మీద పడుకుని కాళ్ళు బార్లా చాపి చూడు. మనిద్దరిదీ ఒకే పొడుగు కదా. పేపరు ముక్క జత చేశాను. తెల్లగా మెరుస్తున్నదానికి గుర్తు పెట్టాను.

నీ తమ్ముడు


తెరచాపల షెడ్డు,
రేవు వీధి.

ఒరేయ్ బుడంకాయా,

నవ్వలేదు. కంగారు పడ్డాను. అరవై దగ్గరపడుతుంటే లోకమంతా మోకాళ్ళ పట్టీలు కొనుక్కుంటుంది, నువ్వు పడవ కొంటానంటున్నావు. సరే, అడిగావు కాబట్టి సూది పక్కన పెట్టి వెళ్ళి చూసొచ్చాను.

నీ తెల్ల పడవ పైన పటారం, లోన లొటారం. అమ్మేవాడు నన్ను చూడగానే ఫ్రిజ్ తెరిచి చూపించాడు. పట్టపగలు దీపాలన్నీ వేశాడు. మూడు గదులు, సోఫాలు, గాజు తలుపుల బీరువాలు. "ఇంత పొడుగు పడవ ఈ ధరకి ఎక్కడా రాదమ్మా, అడుగుకి ఎంత పడుతుందో లెక్కేసుకోండి" అన్నాడు. అడుగుల లెక్కన కొనడానికి ఇదేమన్నా తివాచీనా? డెక్కు మీద మడమ పెట్టి నొక్కితే అట్టపెట్టె మూతలా లోపలికి పోయింది. పెద్దగాలి వచ్చినప్పుడు పట్టుకోవడానికి పెట్టిన కడ్డీల వెనక చెయ్యి పెట్టి తడిమాను. బోల్టులు వేసి, వెనక ఇనప రేకు పెట్టి బిగించాల్సిన చోట మరమేకులు గుచ్చి వదిలేశారు. మనిషి బరువు మొత్తం దాని మీద పడిందంటే కడ్డీ చేతిలో ఉంటుంది, మనిషి నీళ్ళలో ఉంటాడు. తెరచాపల సంగతి చెప్పడానికే సిగ్గేస్తోంది. రెండు వరుసల కుట్టు పడాల్సిన చోట ఒకటే వరుస. నువ్విచ్చే డబ్బులో సగం ఆ ఫ్రిజ్‌కీ ఆ సోఫాకీ పోతుంది. సముద్రం సోఫాని చూసి జాలిపడదు.

ఎడమ మంచం మీద పడుకున్నాను. పొడుగు సరిపోయింది, పరుపు మాత్రం పల్చన. అమ్మేవాడు నన్ను వింత మనిషిని చూసినట్టు చూశాడు.

కొని ఎక్కడికి పోతావో అది మాత్రం రాయలేదు. నా పైగది ఖాళీగానే ఉంది. కిటికీ తెరిస్తే రేవంతా కనిపిస్తుంది. దూరం చూడటానికి అది చాలదా? వచ్చి ఉండు. కింద షెడ్డులో నేను, పైన నువ్వు. పొద్దున టీ ఎవరికి వాళ్ళం పెట్టుకోనక్కర్లేదు.

అక్క


కళ్ళద్దాల షాపు,
గడియారం మలుపు.

అక్కా,

తెల్లదాన్ని వదిలేశాను. నీ సోఫా మాట అమ్మాయికి చదివి వినిపించాను. మెరిసే ఫ్రేముల కోసం పట్టుబట్టే వాళ్ళకి ఇప్పుడు అదే మాట తిప్పి చెబుతోంది. ఒకాయన అలిగి వెళ్ళిపోయాడు కూడా.

పైగది గురించి రాశావు. కిటికీ కూడా ఫ్రేమేనక్కా. ఫ్రేములు చూసి చూసి మొహం మొత్తింది. ఎక్కడికంటావా? దీవులన్నీ దాటి, ఒడ్డు కనపడనంత దూరం. ఎన్నాళ్ళు అంటే నాకే తెలీదు. పాఠాలు చెప్పే కుర్రాడు "మీ వయసుకి జలాశయమే మంచిది సార్" అన్నాడు. వాడికి నేను రాసిచ్చిన కళ్ళజోడే, ఆ మాట అన్నప్పుడు తుడుచుకుంటున్నాడు.

ఈసారి గుర్తు పెట్టినది తెల్లదానికంటే పొడుగు, ధరేమో అందులో సగం. కాస్త బాగు చేయించుకుంటే రెట్టింపు విలువ చేస్తుందని రాశారు. సగానికి సగం మిగిలితే ఆ డబ్బుతో బాగు చేయించుకోవచ్చు కదా అని నా ఆశ. వెళ్ళి చూడవూ? ఎడమ మంచం మర్చిపోకు.

నీ తమ్ముడు


తెరచాపల షెడ్డు,
రేవు వీధి.

ఒరేయ్ బుడంకాయా,

చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. కొయ్య సుత్తి పట్టుకుని డెక్కంతా కొట్టుకుంటూ వెళ్ళాను. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల నీళ్ళు తాగినచోట మెత్తగా బొద్దుమంటుంది. తెరచాప స్తంభం చుట్టూ అంతా బొద్దే. ఆ స్తంభాన్ని నిలబెట్టే తీగలకి వయసైపోయింది, గుడ్డ పెట్టి తుడిస్తే తెగిన పోగులు గుడ్డని పట్టుకుంటున్నాయి. నేలపలక ఎత్తితే కింద నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళలో, పడవ అడుగు బరువుని పట్టి ఉంచే బోల్టులు తుప్పు కారుతున్నాయి. ఇవన్నీ మార్పించేసరికి కొత్త పడవ ధర దాటిపోతుంది, చేతికి వచ్చేది మాత్రం పాత పడవే. తెల్లదాంట్లో మెరుపుకి డబ్బు పోస్తావు, దీంట్లో ఆశకి పోస్తావు. ఎడమ మంచం అంతా చెమ్మ, బట్టలు పాడవుతాయని పడుకోలేదు. అయినా ఎడమ మంచం, ఎడమ మంచం అని ఏమిట్రా ఆ గొడవ? కుడి పక్క పడుకుంటే నిద్ర పట్టదా?

'ఒడ్డు కనపడనంత దూరం' అని రాశావే, ఆ మాట మళ్ళీ చదివాను. నీకో సంగతి చెప్పనా? నేను కుట్టిన తెరచాపలు చూడని సముద్రం లేదు. నేను చూసింది మాత్రం రేవు గోడ దాకానే. కొత్త తెరచాప ఎక్కించుకున్న ప్రతి పడవా ఆ గోడ దాటేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను. కుట్టు ఎక్కడైనా లాగుతోందా, గాలి సరిగ్గా నిండిందా అని చూస్తున్నాననుకుంటారు అందరూ. మొదట్లో అందుకే చూసేదాన్ని. తర్వాత ఎందుకు చూస్తున్నానో నాకే తెలీదు. "రండి, అలా ఓ చుట్టు తిప్పి తీసుకొస్తాం" అని పిలిచినవాళ్ళు లేకపోలేదు. ఎప్పుడూ ఏదో ఒక కుట్టు మిగిలి ఉండేది.

నువ్వు కూడా ఆ గోడ దాటిపోతే నేను కుట్టిన గుడ్డే నిన్ను తీసుకుపోతుంది. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అన్నారు. నిన్ను చంకనేసుకుని తిప్పింది నేనే కాబట్టి ఆ సామెత అనే హక్కు నాకుంది.

అక్క


కళ్ళద్దాల షాపు,
గడియారం మలుపు.

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ మరదలు పోయినప్పుడు వచ్చావు. నాలుగు రోజులైనా ఉండకుండానే కుట్టుపని ఉందని బస్సెక్కావు. నువ్వు కప్పుకున్న దుప్పటి నాలుగు మూలలూ కలిసేలా మడత పెట్టి మంచం మీద ఉంచి వెళ్ళావు. ఆ మడత విప్పబుద్ధి కాలేదు. అమ్మాయి కూడా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని కదపలేదు. ఇంట్లో నేను, ఆ మడతా, వంటింట్లో ఒకే కప్పు. నీకు ఇదంతా రాయకూడదనుకుంటూనే రాశాను.

సరే, పడవ. ఈసారి దొరికినది చిన్నది. అమ్మేవాళ్ళు భూగోళం చెప్పి రిటైరైన టీచరుగారట. ధర తెల్లదానికంటే కొంచెమే తక్కువ. ఇంత చిన్నదానికి అంత ధరా అని నాకే అనిపించింది. కానీ మిగతా ప్రకటనల్లో 'అరుదైన అవకాశం', 'చూస్తే వదలరు' అని ఉంటాయి చూడు, ఈవిడ అలా ఏమీ రాయలేదు. "పడవ లోపల పొడిగా ఉంటుంది. నాకే మోకాళ్ళ నొప్పులు" అని మాత్రం రాసింది. ఆ మాట మీద నాకు నమ్మకం కుదిరింది. చూసిరా. ఎడమ మంచం సంగతి ఈసారి తప్పకుండా రాయాలి.

నీ తమ్ముడు


తెరచాపల షెడ్డు,
రేవు వీధి.

తమ్ముడికి,

టీచరుగారి పడవ చూశాను. చిన్నది. ధర ఎక్కువ. ఇంజను పాతది. ఎడమ పక్క మంచం పొట్టి, చాపితే కాళ్ళు చెక్కకి తగులుతున్నాయి. నీకూ తగులుతాయి. వదిలేయ్.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వానలు రాబోతుంటే అందరికీ ఒకేసారి చిరుగులు గుర్తొస్తాయి. పైగదికి సున్నం వేయించాను.

అక్క


కళ్ళద్దాల షాపు,
గడియారం మలుపు.

అక్కా,

ఎడమ మంచం పొట్టిదైతే ఆ పడవ వద్దు. టీచరుగారికి వద్దని రాసేశాను. ఎందుకో ఇదే కుదురుతుందనిపించింది, కుదరలేదు. ఇక ఈ ఏడాదికి చూడను. ఆదివారం జలాశయానికి కూడా వెళ్ళలేదు.

నీ ఉత్తరం 'తమ్ముడికి' అని మొదలైంది. బుడంకాయా అనకుండా నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. ఒంట్లో బాగుందా?

నీ తమ్ముడు


తెరచాపల షెడ్డు,
రేవు వీధి.

ఒరేయ్ బుడంకాయా,

నాకేం, దుక్కలా ఉన్నాను. నీకే బుద్ధి లేదు. మంచం పొట్టిదని ఎవడన్నా పడవ వదులుకుంటాడా? కుడి పక్క ఇంకో మంచం లేదా?

ఆ పడవ ఎలాంటిదో నీకు తెలుసా? నేలపలక ఎత్తి చూశాను. ఏ పడవ అడుగునైనా గుక్కెడు నీళ్ళుంటాయి, దీని అడుగున దుమ్ముంది. టీచరుగారు చీపురు తెచ్చి "అయ్యో, ఊడవలేదు" అని నొచ్చుకుంది. ప్రతి కడ్డీ వెనకా రేకు ఉంది, బోల్టు ఉంది. బీరువాల కింద, చెయ్యి తప్ప కన్ను చేరని చోట కూడా రంగు వేసి ఉంది. ఎవరూ చూడని చోట అంత పని చేసినవాడు కనిపించే చోట మోసం చెయ్యడు. సుత్తి పట్టుకుని ముక్కు నుంచి తోక దాకా కొట్టాను, అంతా ఒకటే మోత. చిన్నదానికి అంత ధరా అన్నావు. ఏటేటా బాగుచేతకి డబ్బు పోయక్కర్లేని పడవ ఖరీదెక్కువైనా చవకేరా. ఇంజను పాతదే గానీ ఒక్క లాగుకి అందుకుంది. వంక పెట్టాలంటే తెరచాపలకే పెట్టాలి, అవి నీరసించాయి. వాటికి నేను లేనా? ఇలాంటి పడవని మంచం పేరు చెప్పి పోగొట్టుకుంటావా? ఎవరో వచ్చి చూసుకుని వెళ్ళారు కూడా.

కొనమని చెప్పడం లేదు. సరుకు మంచిదని చెబుతున్నాను. రెండూ వేరు.

అక్క


కళ్ళద్దాల షాపు,
గడియారం మలుపు.

అక్కా,

నీ ఉత్తరం, టీచరుగారి ఉత్తరం కలిసి వచ్చాయి. ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"మీరు వద్దన్నందుకు నాకు బాధ లేదు. మీ అక్కగారిని మాత్రం ఇంకోసారి రమ్మనండి. ఆవిడ పడవంతా కొట్టి, నొక్కి, వాసన చూసి, చివరికి ఎడమ పక్క మంచం మీద కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నారు. నేను టీ పెట్టి తెచ్చేసరికి నిద్రపోయారు. పడవ కొద్దిగా ఊగుతోంది. లేపబుద్ధి కాలేదు. టీ మళ్ళీ వేడి చేశాను, మళ్ళీ చల్లారింది."

కాళ్ళు తగిలే మంచం మీద ఎవరూ బార్లా చాపుకుని నిద్రపోరక్కా. మొదట పడీ పడీ నవ్వాను. తర్వాత నీ పైగది సున్నం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఎందుకు రాశావో అర్థమైంది. కోపం ఇసుమంత కూడా లేదు.

ఇక నా వంతు. ఇన్ని పడవల్లో ఒక్కసారైనా కుడి మంచం ఎలా ఉందని నిన్ను అడిగానా? కుడిది నాది. అది ఎలా ఉన్నా సర్దుకుంటాను. చిన్నప్పుడు మన ఇంట్లో మనిద్దరికీ ఒకే మంచం. వాన పడితే దుప్పటిని చీపురుకర్రకి కట్టి ఆ మంచాన్ని ఓడ చేసేదానివి. నువ్వు కెప్టెన్, నేను సామాను. నీది ఎప్పుడూ ఎడమ పక్కే. నేను దొర్లుకుంటూ నీ పక్కకి వస్తే "సామాను కదలకూడదు" అని మోచేత్తో తోసేదానివి. ఆ ఓడ మీద మనం పోని చోటు లేదు. ఎడమ పక్క నువ్వు లేకుండా ఒడ్డు కనపడనంత దూరం నేనొక్కణ్ణే పోయి ఏం చూస్తాను? నువ్వు గుమ్మంలో నిలబడి చూడటం నాకు వద్దు. నాకు నువ్వు కావాలి.

మొదటే ఎందుకు చెప్పలేదంటావా? చెబితే కుట్టు మిగిలిందనేదానివి. నువ్వు ఎవరి మాటా నమ్మవు, నీ చేతుల్నే నమ్ముతావు. నీ చేతులే కొట్టి చూసి, నువ్వే పడుకుని చూసిన పడవైతే ఇక వంక పెట్టలేవనుకున్నాను. పోయి పోయి నీ మంచానికే వంక పెడతావని కలలో కూడా అనుకోలేదు.

నీ జవాబు వచ్చేదాకా పడవ ఎవరికీ ఇవ్వొద్దని టీచరుగారిని బతిమాలాను. నువ్వు రానంటే పడవ కొనను. వచ్చి ఆ సున్నం వేసిన గదిలో ఉంటాను, అదీ నాకు ఇష్టమే. ఊరందరినీ అడిగినట్టే నిన్నూ అడుగుతున్నాను. ఇది బాగుందా అక్కా, అదా? తొందరేం లేదు, చూసి చెప్పు.

నీ సామాను


తెరచాపల షెడ్డు,
రేవు వీధి.

ఒరేయ్ బుడంకాయా,

భయమేసి రాశానురా. ఆ మంచం మీద పడుకున్నప్పుడు పడవ కట్టేసే ఉంది. అయినా చిన్న అల ఒకటి వచ్చి నన్ను ఎత్తి మళ్ళీ దించింది. ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి చూసినదంతా వీపు కిందికి వచ్చినట్టనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కళ్ళు మూతపడ్డాయి. లేచేసరికి ఒకటే దిగులు, ఇంత బాగుంటే వెళ్ళినవాడు మళ్ళీ ఎందుకు తిరిగొస్తాడని. టీచరుగారి టీ కూడా తాగకుండా వచ్చేసి నీకు మంచం పొట్టిదని రాశాను. అది నాదని నాకేం తెలుసు?

నీ ఉత్తరం చదివి, నేల మీద పరిచిన గుడ్డ మధ్యలో అలాగే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. కొత్త గుడ్డ మీద మరక పడితే పోదు కాబట్టి పక్కకి జరిగి ఏడ్చాను.

ఆ గుడ్డ ఎవరిదని అడుగుతావేమో. టీచరుగారి పడవ కొలతలకి కోశాను. తెరచాపలు నీరసించాయని గట్టిగా బేరమాడితే ఆవిడ ధర తగ్గించింది. ఇంకో పడవకైతే అంత మంచి గుడ్డ వాడను, అది వేరే సంగతి. వచ్చిన చిరుగులన్నీ వీధి చివరి కుట్టుపనివాడికి పంపేశాను. మిగిలిన కుట్టు ఇదొక్కటే. పైగది టీచరుగారికి నచ్చింది. ఆ కిటికీలోంచి తన పడవ గోడ దాటడం చూస్తుందట. చూడనీ, ఎవరో ఒకరు చూడాలి.

కెప్టెన్ ఎవరన్నది మాత్రం కట్టు విప్పకముందే తేల్చుకుందాం. జలాశయంలో బోల్తా కొట్టినవాడి మాట మీద నేను సముద్రం ఎక్కను. దుప్పట్లు తేవాలి, ఆ మడత విప్పకుండా అలాగే పట్రా.

నిన్న మళ్ళీ వెళ్ళి ఎడమ మంచం మీద పడుకున్నాను. కాళ్ళు చాపాను. తగల్లేదు, ఇంకా జానెడు మిగిలింది. ఆ జానెడులో నా కుట్టుపెట్టె పడుతుంది. పెట్టి చూశాను.

అక్క